తలదెబ్బల పరిశోధనలో జెల్ మెదడు: అచ్చు గుద్దినట్టు ఉండక్కర్లేదు

మెదడును అచ్చంగా పోలిన కృత్రిమ పదార్థం తయారైందన్న వార్త అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. పక్కన ఒక ఫోటో: గ్లవ్స్ వేసుకున్న చేతుల్లో తెల్లగా, మెత్తగా, మడతలతో ఒక ముద్ద. ఇక హెల్మెట్లూ కార్లూ దీంతోనే పరీక్షించొచ్చనీ, జంతువుల మీద ప్రయోగాలు తగ్గుతాయనీ కింద రాస్తారు. మెత్తటి జెల్స్‌తో పనిచేసే మనిషిని కాబట్టి నాకు అలాంటి వార్త చూడగానే ముందు ఆసక్తి, రెండో పేరాకి వచ్చేసరికి చిరాకు. ఏ విషయంలో పోలిందో చెప్పరు. నెమ్మదిగా నొక్కినప్పుడా, పది మిల్లీసెకండ్లలో మెలిపెట్టినప్పుడా? ఏ ఉష్ణోగ్రత దగ్గర? బతికున్న మనిషి మెదడుతో పోల్చారా, చనిపోయి రెండు రోజులైన మనిషి మెదడుతోనా, పంది మెదడుతోనా? పట్టుకుంటే మెదడులాగే ఉందంటే సరిపోదు. వేళ్లకి తెలిసేది తీరిగ్గా నొక్కితే తెలిసే మెత్తదనం. తలకి దెబ్బ తగలడం కళ్లు మూసి తెరిచేలోపే అయిపోయే వ్యవహారం.

నేను చెప్పదలుచుకున్నది ఇంకాస్త మొండి మాట. ఈ పనికి వాడే జెల్ అన్ని విధాలా మెదడులా ఉండక్కర్లేదు. అలా ఉండాలని పట్టుబట్టడం వల్ల పరిశోధన దారి తప్పుతోంది కూడా. అది ఏ ప్రశ్నకి జవాబు చెప్పాలో ముందే తేలాలి, ఏయే విషయాల్లో మెదడుకి దూరంగా ఉందో కొలిచి ఉండాలి. ఆ రెండూ ఉన్న మోటు జెల్‌ని నమ్ముతాను. ఆ రెండూ లేకుండా అచ్చం మెదడే అని చెప్పుకునే జెల్ ఎంత అందంగా ఉన్నా నమ్మను.

నిజానికి ఈ రంగం మొదలైందే ఒక మోటు జెల్‌తో. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకి గాయమై చనిపోయాడు. ఆయనకి చికిత్స చేసిన వైద్యుల్లో న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఒకరు. తర్వాత కెయిర్న్స్ మోటార్‌సైకిల్ నడిపే సైనికుల తలగాయాల మీద దృష్టి పెట్టి, హెల్మెట్ల వల్ల ఎంత మేలు జరుగుతుందో 1941లో ప్రచురించారు. ఆ రోజుల్లోనే ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త వేరే ప్రశ్న వేసుకున్నాడు. తలకి దెబ్బ తగిలినప్పుడు లోపల మెదడుకి అసలు ఏం జరుగుతుంది? పుర్రె పగిలితే గాయం ఎందుకైందో తెలుస్తుంది. పుర్రె చెక్కుచెదరకుండా ఉండి మనిషి స్పృహ కోల్పోతే?

1943లో ఆయన ప్రచురించిన జవాబు వైద్యుడి జవాబు కాదు, భౌతిక శాస్త్రవేత్త జవాబు. మెదడుని నొక్కి దాని ఘనపరిమాణం తగ్గించడం నీళ్లను నొక్కి తగ్గించడమంత కష్టం. కానీ ఆకారం మార్చడం చాలా తేలిక. ఇవాళ్టి అంకెల్లో చెప్పాలంటే మొదటిదానికి ఎదురు నిలిచే శక్తి దాదాపు 2 గిగాపాస్కల్స్, రెండోదానికి ఎదురు నిలిచే శక్తి 1 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది (పాస్కల్ ఒత్తిడినీ గట్టిదనాన్నీ కొలిచే ప్రమాణం). రెంటి మధ్య పది లక్షల రెట్ల తేడా. మన చుట్టూ ఉండే ఘనపదార్థాల్లో ఇంత తేడా చూపించేవి చాలా తక్కువ. పుర్రె ఒక గట్టి పెట్టె అనుకుంటే, కుదించుకోని పదార్థం అందులో నిండుగా ఉంది. పెట్టెని నేరుగా ముందుకి తోస్తే లోపలి పదార్థం జరగడానికి చోటు లేదు, కాబట్టి ఆకారం పెద్దగా మారదు. అదే పెట్టెని తిప్పితే కథ వేరు. నీళ్లు నిండుగా ఉన్న బిందెని ఒక్కసారి గిర్రున తిప్పితే బిందె తిరుగుతుంది, నీళ్లు కాసేపు ఉన్నచోటే ఉంటాయి. మెదడులోనూ అంతే, పుర్రెకి దగ్గరగా ఉన్న భాగం దాంతోపాటు కదులుతుంది, లోతుగా ఉన్న భాగం వెనకబడుతుంది, ఆ రెంటికీ నడుమ ఉన్న కణజాలం ఏటవాలుగా సాగిపోతుంది. దీన్నే షియర్ అంటారు.

ఈ వాదన ఎక్కడెక్కడ గాయం అవుతుందని చెబుతుందో చూడటానికి ఆయన మైనపు పుర్రెలో జెలటిన్ పోసి తిప్పాడు. ఆ జెలటిన్‌లో మెదడు మడతలు లేవు, రక్తనాళాలు లేవు, తెల్ల పదార్థమూ బూడిద పదార్థమూ అన్న తేడా లేదు, చుట్టూ ద్రవం లేదు. అయినా అసలు విషయం పట్టుకుంది: తల ఎంత వేగంగా ముందుకి వెళ్లి ఆగిందన్న దానికంటే ఎంత వేగంగా తిరిగిందన్నది ముఖ్యం. పదమూడేళ్ల తర్వాత, 1956లో, సబీనా స్ట్రిచ్ అనే పాథాలజిస్ట్ తలగాయం తర్వాత కోలుకోకుండా పోయిన రోగుల మెదళ్లను మైక్రోస్కోప్ కింద చూసి, తెల్ల పదార్థంలోని నరాల పోగులు విస్తారంగా దెబ్బతిన్నాయని గుర్తించింది. 1982లో జెన్నరెల్లి, థిబో బృందం తలకి ఎక్కడా దెబ్బ తగలకుండా, కేవలం తలని వేగంగా తిప్పి కోతుల్లో కోమా రప్పించింది. ఆ మెదళ్లలోనూ అవే పోగులు తెగి ఉన్నాయి.

హోల్‌బోర్న్ జెలటిన్ గెలిచింది మెదడుని పోలినందుకు కాదు. ఆయన ప్రశ్నకి కావాల్సింది ఒకే ఒక్క గుణం, ఘనపరిమాణంలో మొండిగా, ఆకారంలో మెత్తగా ఉండటం. అది జెలటిన్‌లో దండిగా ఉంది. మిగతావన్నీ వదిలేశాడు కాబట్టే జవాబు స్పష్టంగా కనిపించింది. అన్నీ పెట్టి ఉంటే ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడానికే ఆయన జీవితం సరిపోయేది కాదేమో.

అసలు నకలు ఎందుకు, నిజమైన మెదడునే చూడొచ్చు కదా అని అడగొచ్చు. బతికున్న మనిషి తలని గాయమయ్యేంతగా తిప్పలేం. గాయం కానంత మెల్లగా తిప్పి చూశారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ బేలీ బృందం వాలంటీర్ల తలని ఎం.ఆర్.ఐ. యంత్రంలో చాలా తక్కువ ఎత్తు నుంచి మెత్తగా పడేట్టు చేసి, ఆ కొద్దిపాటి కుదుపుకే మెదడు కొన్ని శాతం సాగుతుందని 2005లో చూపించింది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ప్రయోగాల్లో అదొకటి. మనం రోజూ తల ఊపే ఊపుళ్లలో కూడా లోపల మెదడు ఊగుతూనే ఉంటుందన్నమాట. కానీ ప్రమాదం స్థాయి వేరు. చనిపోయినవారి తలలతో చేసిన ప్రయోగాల్లో 2001లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వారెన్ హార్డీ బృందం చేసింది పేరున్నది. మెదడు సాంద్రతకి సరిపోయే చిన్న గుర్తులను మెదడులో నాటి, తలని కొడుతూ రెండు వైపుల నుంచి హైస్పీడ్ ఎక్స్‌రే తీశారు. మెదడు పుర్రెతో పోలిస్తే సుమారు 5 మిల్లీమీటర్లు అటూ ఇటూ కదులుతూ, ఎనిమిది అంకె ఆకారంలో తిరిగింది. అద్భుతమైన పని. కానీ ఒక తలలో పట్టేవి గుప్పెడు గుర్తులే. ఒక్కో తల ఒక్కో రకం. ప్రాణం పోయాక మెదడు గంటగంటకీ మారుతుంది.

ఇక జంతువులు. 1984లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని తలగాయాల ప్రయోగశాలలోకి జంతుహక్కుల కార్యకర్తలు చొరబడి వీడియో టేపులు ఎత్తుకెళ్లారు. బబూన్ కోతుల పట్ల సిబ్బంది ప్రవర్తించిన తీరు ఆ టేపుల్లో బయటపడింది, మరుసటి ఏడాది ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. నైతిక ప్రశ్న కాసేపు పక్కన పెట్టినా, లెక్కలోనే ఇంకో చిక్కుంది. చిన్న మెదడుని అంతే శాతం సాగదీయాలంటే దాన్ని చాలా ఎక్కువ వేగంతో తిప్పాలి. బబూన్ తలకి గాయం చేసిన వేగాన్ని మనిషి తలకి ఎలా అన్వయించాలి? ఇక్కడ జెల్ మళ్లీ ఆదుకుంది. 1990లో మార్గులీస్, థిబో, జెన్నరెల్లి బబూన్ పుర్రెల్లోనూ మనిషి పుర్రెల్లోనూ ఒకే రకం సిలికాన్ జెల్ నింపి, జెల్‌లో గళ్లు గీసి, తిప్పుతూ హైస్పీడ్ కెమెరాతో తీశారు. గళ్లు ఎంత వంకర పోయాయో కొలిస్తే ఒక తల నుంచి ఇంకో తలకి లెక్క మార్చుకునే దారి దొరుకుతుంది. రెండు పుర్రెల్లోనూ జెల్ ఒకటే కావడం ఇక్కడ కీలకం. అది మెదడుకి ఎంత దగ్గరగా ఉందన్నది తర్వాతి సంగతి.

సరే, పోలిక కావాలనే అనుకుందాం. దేనితో పోల్చాలి? మెదడు బరువు సుమారు 1.4 కిలోలు, అందులో నాలుగింట మూడు వంతులకి పైగా నీరే. దాని గట్టిదనం ఎంత అని వెతికితే దశాబ్దాలుగా పేరుకుపోయిన కొలతలు దొరుకుతాయి, అవి ఒకదానికొకటి పదుల రెట్లు తేడాగా ఉంటాయి. కొలిచినవాళ్లు అసమర్థులు కాదు. మెదడు అలాంటిది. వేగంగా లాగితే గట్టిగా, నెమ్మదిగా లాగితే మెత్తగా ఉంటుంది. మొదటిసారి సాగదీసినప్పుడు ఒకలా, రెండోసారి ఇంకాస్త మెత్తగా ఉంటుంది. నొక్కితే చూపే గట్టిదనం లాగితే చూపదు. 2017లో బుడ్డే, హోల్‌జాప్‌ఫెల్, కూల్ తదితరులు మనిషి మెదడు ముక్కలనే నొక్కి, లాగి, పక్కకి జరిపి కొలిచి, ఒక రకం పరీక్షకి సరిపెట్టిన సూత్రం మిగతా రకాలని సరిగ్గా చెప్పలేదని చూపించారు. బతికున్న మెదడు గట్టిదనం కొలవడానికి 1995లో మేయో క్లినిక్‌లో పుట్టిన ఎం.ఆర్. ఎలాస్టోగ్రఫీ ఉంది. తలని సెకనుకి 50, 60 సార్లు సన్నగా కంపింపజేసి లోపలి అలల్ని చూస్తారు. అందులో 2, 3 కిలోపాస్కల్స్ వస్తుంది. కానీ ఆ అలలు అతి చిన్నవి, గాయపరిచే సాగుడు పెద్దది. అంటే బతికున్న మెదడు గురించి మనకి తెలిసింది చిన్న కదలికల్లో, పెద్ద కదలికల గురించి తెలిసింది చనిపోయిన మెదడులో. రెంటినీ కలిపే కొలత ఏ ప్రయోగశాలా నేరుగా తీయలేదు, తీయకూడదు కూడా.

ఇలాంటి పరిస్థితిలో మా జెల్ మెదడుకి సరిపోయిందన్న మాటకి అర్థం ఒక్కటే. ఆ చెదిరిపోయిన కొలతల గీతల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని దానికి సరిపెట్టారు. అది తప్పేం కాదు. ఏ గీతని ఎంచుకున్నారో, ఎందుకో చెప్పకపోవడం తప్పు.

ఒక్కో జెల్‌కీ ఒక్కో తిక్క ఉంది. అవి తెలియకుండా వాడితే చిక్కే. జెలటిన్ చవక, పారదర్శకం, ధ్రువిత కాంతిలో చూస్తే ఒత్తిడి ఉన్నచోట రంగుల చారలు కనిపిస్తాయి. కానీ అది శరీర ఉష్ణోగ్రతకి చేరకముందే కరిగిపోతుంది. అంటే జెలటిన్ మెదడు ఎప్పుడూ చల్లటి మెదడే. పైగా ఊరుకోదు, పోసిన రోజు ఒక గట్టిదనం, రెండు రోజులాగితే ఇంకో గట్టిదనం. సోమవారం పోసిన దిమ్మకీ గురువారం పోసిన దిమ్మకీ తేడా రాకుండా చూసుకోవడమే సగం ఉద్యోగం. సిలికాన్ జెల్స్‌కి ఈ బాధ తక్కువ. ఈ రంగంలో తరచూ కనిపించే సిల్‌గార్డ్ 527 అసలు ఎలక్ట్రానిక్ పరికరాలని తేమ నుంచీ కుదుపుల నుంచీ కాపాడటానికి వాటి చుట్టూ పోసే పదార్థం. నెలల తరబడి మారదు, గాజులా ఉంటుంది, లోపల గుర్తులు పెట్టి ఫిల్మ్ తీయడానికి బ్రహ్మాండం. అందులో నీరు మాత్రం చుక్క కూడా ఉండదు. కాబట్టి కణజాలంలోంచి ద్రవం పిండుకుపోయే తీరు దానికి చేతకాదు. మెదడులోకి మందు నెమ్మదిగా ఎక్కించే ప్రయోగాలకి 0.6 శాతం అగరోజ్ జెల్ వాడతారు. ఆ పనికి అది చాలా బాగుంటుంది, కానీ సాగదీస్తే పెళుసుగా పగిలిపోతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫోర్టే, డీనీ తదితరులు పాలీవినైల్ ఆల్కహాల్‌నీ, ఫైటజెల్ అనే ఇంకో జెల్‌నీ కలిపి చేసిన మిశ్రమం నేను చూసినంతలో మెదడు నడవడికకి దగ్గరగా వచ్చినవాటిలో ఒకటి. దాన్ని గడ్డకట్టించి కరిగిస్తే లోపల సన్నటి స్ఫటికాలు ఏర్పడి పోగుల్ని ముడివేస్తాయి, విడిగా రసాయనాలు అక్కర్లేదు. ఇలా గడ్డకట్టించే జెల్స్‌లో తలంత దిమ్మ పోయాలంటే మళ్లీ తలనొప్పి. బయటి భాగం ముందు గడ్డకడుతుంది, మధ్య భాగం ఆలస్యంగా గడ్డకడుతుంది, గట్టిదనం అంతటా ఒకేలా రాదు.

ఇక్కడ తుపాకీ గుళ్ల పరీక్షల వాళ్లని చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు వాడే 10 శాతం జెలటిన్‌ని 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పరీక్షకి ముందు 4.5 మిల్లీమీటర్ల చిన్న ఉక్కు గుండుని సెకనుకి 180 మీటర్ల వేగంతో అందులోకి పేలుస్తారు. అది దాదాపు 8.5 సెంటీమీటర్లు దిగితే దిమ్మ పనికొస్తుంది, లేదంటే పక్కన పడేస్తారు. ఆ జెలటిన్ కండరంలా కనిపించదు, దాని వాసన కూడా వేరే. ఎవరికీ పట్టింపు లేదు. గుండు ఎంత లోతు దిగుతుందన్న ఒక్క విషయంలో పంది కండరంతో సరిపోతుందని తేల్చుకున్నారు, అది చాలు. (కొందరు అదే జెలటిన్‌ని పుర్రెలో నింపి మెదడు అంటారు. అది కండరానికి లెక్కగట్టిన వంట, మెదడుకి మరీ గట్టి.) తలగాయాల జెల్స్‌కి అందరూ ఒప్పుకున్న అలాంటి ఒక్క నిమిషం పరీక్ష ఇంకా స్థిరపడలేదు. కొత్త రెసిపీలు కనిపెట్టే ఉత్సాహంలో పదో వంతు దీని మీద పెడితే బాగుండేది.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. అందరి చూపూ జెల్ మీద, పుర్రెకీ జెల్‌కీ మధ్య ఏముందన్నది ఎవరికీ పట్టదు. నిజమైన తలలో పుర్రె లోపలి వైపు డ్యూరా అనే గట్టి పొర అంటుకుని ఉంటుంది. దాని కింద అరాక్నాయిడ్, మెదడుని అంటిపెట్టుకుని పయా. ఆ రెంటి నడుమ మస్తిష్క ద్రవం, ఆ ద్రవంలో సాలెగూటి దారాల్లాంటి సన్నటి పోగులు. మెదడు పైనుంచి డ్యూరాలోకి వెళ్లే చిన్న సిరలు కూడా ఇక్కడే ఉన్నాయి. మెదడు మరీ జరిగితే అవి తెగి, డ్యూరా కింద రక్తం చేరుతుంది. రెండు అర్ధగోళాల నడుమ కొడవలి ఆకారంలో డ్యూరా మడత, ఫాల్క్స్, దిగుతుంది. తల పక్కకి ఒరిగేలా తిరిగితే మెదడు ఆ మడతకి తట్టుకుని, దాని అంచు కింద, రెండు అర్ధగోళాల్నీ కలిపే నరాల కట్ట కార్పస్ కలోసం దగ్గర బాగా సాగుతుంది. గాయాలు కూడా తరచుగా అక్కడే కనిపిస్తాయి.

పొడి పుర్రెలో జెల్ పోస్తే అది గోడకి అతుక్కుంటుంది. గోడకి నూనె రాసి పోస్తే జారిపోతుంది. నిజమైన మెదడు ఈ రెండూ చేయదు, నెమ్మదిగా తిప్పితే కాస్త జారుతుంది, వేగంగా తిప్పితే ఆ ద్రవమూ పోగులూ కలిసి దాన్ని చాలావరకు పట్టి లాగుతాయి. జెల్ గట్టిదనం రెట్టింపు చేస్తే వచ్చే మార్పు కంటే, అతుక్కున్న గోడని జారే గోడగా మారిస్తే వచ్చే మార్పు తేలిగ్గా పెద్దదవుతుంది. మెలిపెట్టే బలం లోపలికి చేరేదే ఆ గోడ ద్వారా కదా. అయినా పది పేజీల పేపర్‌లో తొమ్మిది పేజీలు జెల్ రసాయనం ఉంటుంది, పుర్రె లోపలి గోడకి ఏం రాశారన్నది ఒక వాక్యం. కొన్నిసార్లు అదీ ఉండదు.

మడతల సంగతీ అంతే. బాక్సర్లలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో కనిపించే, తలకి పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడిన సి.టి.ఇ. అనే మెదడు జబ్బులో టౌ అనే ప్రోటీన్ ముందుగా పేరుకునేది మెదడు మడతల లోతుల్లో, చిన్న రక్తనాళాల చుట్టూ. సాగుడు కూడా మడతల అడుగున ఎక్కువవుతుందని లెక్కలు చెబుతున్నాయి. ఈ రెంటికీ సంబంధం ఉందా అన్న ప్రశ్నకి నున్నటి జెల్ ముద్ద పనికిరాదు, మడతలున్న జెల్ కావాలి. చూడండి, ఇక్కడ నేనే పోలిక కావాలంటున్నాను. ప్రశ్న అడిగింది కాబట్టి కావాలి. ఫోటోలో బాగుంటుందని కాదు.

మెదడుకి అచ్చమైన నకలు దొరక్కపోవడం వల్లే రక్షణ పరికరాలు వెనకబడ్డాయనే వాదన తరచూ వినిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా లేదు. కార్ల ప్రమాద పరీక్షల్లో వాడే హైబ్రిడ్ 3 అనే మనిషి బొమ్మని జనరల్ మోటార్స్ 1976లో తెచ్చింది. దాని తల అల్యూమినియం, పైన వినైల్ చర్మం, లోపల త్వరణం కొలిచే యాక్సెలరోమీటర్లు. మెదడు లేదు, జెల్ లేదు, ఖాళీ. ఆ సెన్సర్ల రీడింగ్ నుంచి హెచ్.ఐ.సి. అనే ఒక అంకె తీస్తారు. అందులో లెక్కలోకి వచ్చేది తల నేరుగా ఎంత త్వరణానికి గురైంది, ఎంతసేపు అన్నదే. తిరగడం అసలు లేదు. ఆ అంకెకి మూలం వేన్ స్టేట్‌లో గీసిన ఒక గీత, దాని పునాదిలో ఉన్నది శవాల పుర్రెలు ఎప్పుడు చిట్లుతాయన్న కొలతలు. పుర్రె చిట్లడాన్ని ఆపడానికి అది బాగానే పనిచేసింది, ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు. కానీ 1943లో ఒక జెలటిన్ ముద్ద చెప్పిన మాట మోటార్‌సైకిల్ హెల్మెట్ల ఐక్యరాజ్యసమితి నిబంధనలోకి, 22.06 సవరణతో, 2021కి గానీ ఎక్కలేదు. అప్పుడు వాలుగా ఉన్న తలం మీద హెల్మెట్‌ని పడేసి తల ఎంత తిరిగిందో కొలవడం తప్పనిసరైంది. 78 ఏళ్లు. ఈ ఆలస్యానికి కారణం జెలటిన్ మెదడులా లేకపోవడం కాదు. తిరుగుడుని కొలిచే సెన్సర్లు తర్వాత వచ్చాయి, ఒక్క అంకె ఇచ్చే సూత్రం మీద ఏకాభిప్రాయం కుదరలేదు, ఉన్న పద్ధతిని మార్చడానికి ఎవరికీ తొందర లేదు. రేపు నిజంగానే పరిపూర్ణమైన కృత్రిమ మెదడు వచ్చినా ఈ మూడింట్లో ఒక్కటీ దానంతట అది తీరదు.

మోటు జెల్ మీద నా నమ్మకానికి ఇంకో ఉదాహరణ ఉంది, ఇది మరీ అందమైనది. షియర్ అలలు మెదడులో చాలా నెమ్మదిగా, సెకనుకి ఒకటి రెండు మీటర్ల వేగంతో పోతాయి. శబ్దం అదే మెదడులో 1500 మీటర్లు పోతుంది. అల ఇంత నెమ్మది అయితే, ఊగే కణజాలపు వేగం అల వేగానికి దగ్గరయ్యే అవకాశం ఉంది. అలా అయితే అల ముందు భాగం నిలువుగా నిక్కుతుంది, విమానం శబ్దవేగం దాటినప్పుడు పుట్టే షాక్ లాంటిది మెత్తటి పదార్థంలో పుడుతుంది. 2003లో పారిస్‌లో కాథెలిన్ బృందం అగర్, జెలటిన్ కలిపిన మామూలు జెల్‌లో దీన్ని కళ్లారా చూసింది. తలగాయాల కోసం చేసిన ప్రయోగం కూడా కాదది. 2017లో నార్త్ కరోలినాలో ఎస్పిందోలా, పింటన్ బృందం అల్ట్రాసౌండ్‌తో పంది మెదడులో అదే చూసింది. మెదడు ఉపరితలం దగ్గర 35 జి త్వరణంతో మొదలైన నున్నటి అల లోపలికి వెళ్లేసరికి 300 జి షాక్‌గా మారింది (1 జి అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం). దెబ్బ తగిలిన చోట కంటే లోతుల్లో ఎక్కువ నష్టం ఎందుకుంటుందన్న ప్రశ్నకి ఇదొక కొత్త దారి. ముందు జెల్‌లో కనిపించింది, తర్వాత మెదడులో వెతికారు. అచ్చమైన పోలిక వచ్చేదాకా ఆగి ఉంటే ఎక్కడ వెతకాలో కూడా తెలిసేది కాదు.

నా వాదనకి గట్టి అభ్యంతరం ఒకటుందని ఒప్పుకోవాలి. తలగాయం అంటే సాగడం ఒక్కటే కాదు. సాగిన మిల్లీసెకండ్ల తర్వాత గంటలు, రోజుల పాటు నడిచే రసాయన గొడవ ఉంది. పోగులు ఉబ్బుతాయి, తెగుతాయి, నరకణాల మధ్య సందేశాలు మోసే గ్లూటమేట్ అనే రసాయనం పొంగుతుంది, వాపు వస్తుంది. జెల్ వాయదు, దానికి రక్తం కారదు. 2014లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాప్లాన్ బృందం పట్టు ప్రోటీన్‌తో మెత్తటి అచ్చు చేసి, అందులో ఎలుక న్యూరాన్లు పెంచి, దాని మీద బరువు పడేసి, గ్లూటమేట్ ఒక్కసారిగా పెరగడం చూసింది. అలాంటి పనికి జీవకణాలు కావాల్సిందే, అక్కడ సిలికాన్ గురించి మాట్లాడటం అనవసరం. అయితే అది కూడా మెదడుకి నకలు కాదు, ఒక ప్రశ్నకి కట్టిన పరికరమే. దానిలో పుర్రె లేదు, తల లేదు, ప్రమాదం లేదు. ప్రమాదంలో తల ఎంత తిరిగిందన్నది బొమ్మ చెబుతుంది, దాని వల్ల లోపల ఎక్కడ ఎంత సాగిందన్నది జెల్ లేదా కంప్యూటర్ చెబుతుంది, అంత సాగితే నరం ఏమవుతుందన్నది ఇలాంటి కణాల ప్రయోగం చెబుతుంది. గినీ పందుల కంటి నరాన్ని సాగదీసి బెయిన్, మీనీ 2000లో తేల్చిన 18 శాతం సాగుడు అన్న హద్దు కూడా ఈ మూడో రకం జవాబే. ఆపరేషన్ నేర్చుకునే డాక్టర్ల కోసం చేసే మెదడు బొమ్మల సంగతి వేరు. అక్కడ చేతికి తెలిసే మెత్తదనమే ముఖ్యం, ఆ మేరకు పోలిక వెతకడం న్యాయమే.

జెల్‌ని ఎక్కడ వాడితే ఎక్కువ లాభమో కూడా చెప్పాలి కదా. నా ఓటు కంప్యూటర్ మోడళ్లని నిలదీయడానికి. ఇవాళ తలగాయాల గురించి నిర్ణయాలు ఎక్కువగా కంప్యూటర్‌లోని తల మోడళ్ల మీద నడుస్తున్నాయి. ఆ మోడల్ సరైనదని చూపడానికి చాలామంది దశాబ్దాలుగా తిరిగి తిరిగి వాడుతున్నది 1977లో నహూమ్ తదితరులు శవాల నుదుటి మీద కొట్టి, పుర్రె లోపల కొలిచిన ఒత్తిడి అంకెలు. మోడల్ గీత ఆ అంకెల మీద చక్కగా కూర్చుంటే సరైనదని ముద్ర వేస్తారు. హోల్‌బోర్న్ వాదన గుర్తున్నవాళ్లకి ఇందులో చిక్కు వెంటనే కనిపిస్తుంది. నేరుగా కొట్టిన దెబ్బలో ఒత్తిడిని నిర్ణయించేది ముఖ్యంగా మెదడు సాంద్రత, తల పరిమాణం, త్వరణం. షియర్ గట్టిదనంతో దానికి దాదాపు సంబంధం లేదు. మోడల్‌లో మెదడు గట్టిదనం పది రెట్లు తప్పుగా పెట్టినా ఆ ఒత్తిడి గీత ఇంచుమించు అలాగే వస్తుంది. అంటే నరాల పోగుల్ని తెంచేది ఏదో దానిమీద ఆ పరీక్ష ఏమీ చెప్పదు. హార్డీ కొలతలు ఈ విషయంలో చాలా మెరుగు, కానీ అందరూ అవే కొద్ది తలలకి మోడల్ సరిపెట్టుకుంటూ పోతే, కొత్త తలకి ఏం చెబుతుందో తెలియదు.

జెల్ తలకి ఈ బలహీనత లేదు. దాని గట్టిదనం ఎంతో నాకు తెలుసు, ఎందుకంటే దిమ్మలోంచే ముక్క తీసి కొలిచాను. ఆకారం తెలుసు, గోడకి అతికిందో లేదో తెలుసు, లోపల వందల గుర్తులు పెట్టగలను, ఒకే ప్రయోగం విసుగొచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయగలను. అలాంటి తలని తిప్పి, ఫలితం బయటపెట్టకుండా, దాని కొలతలు మాత్రం మోడల్ చేసేవాళ్లకి ఇచ్చి, గుర్తులు ఎటు ఎంత కదులుతాయో ముందే చెప్పమనాలి. ఒకసారి అతికిన గోడతో, ఒకసారి జారే గోడతో, ఒకసారి ఫాల్క్స్ పెట్టి, ఒకసారి తీసేసి. తెలిసిన జెల్ కదలికనే సరిగ్గా చెప్పలేని మోడల్, తెలియని మెదడు గురించి చెప్పే అంకెలతో హెల్మెట్ డిజైన్ చేయకూడదు. ఈ పనికి జెల్ రెండు కిలోపాస్కల్స్ ఉందా మూడు ఉందా అన్నది పట్టించుకోనక్కర్లేదు, ఎంత ఉందో రాసి ఉంటే చాలు.